ఊరి చివర ఓటు: రద్దయిపోయిన ఔటర్ ఢిల్లీ నియోజకవర్గం కథ





ఈ వార్షిక సంచికలో జమా ఖర్చులు, స్కాలర్‌షిప్పుల వివరాలు, వైద్య సాయం లెక్కలతో పాటు అందరికీ తెలియవలసిన ఒక విషయాన్ని కాస్త వివరంగా రాయడం మనకు అలవాటు. ఈసారి ఎంచుకున్న విషయం కొందరికి వింతగా అనిపించవచ్చు. ఇప్పుడు లేని ఒక పార్లమెంటు నియోజకవర్గం చరిత్ర ఇది. దాని పేరు ఔటర్ ఢిల్లీ. 2008లో రద్దయ్యే నాటికి దేశంలో అత్యధిక ఓటర్లున్న నియోజకవర్గం అదే.

జకాత్, సదఖా సొమ్ముతో నడిచే సంఘానికి ఎక్కడో ఢిల్లీ శివార్ల ఎన్నికలతో ఏం పని అని మీరు అడగవచ్చు. సర్వసభ్య సమావేశాల్లో మీరే మమ్మల్ని అడుగుతున్న ప్రశ్నకు జవాబు అందులో ఉంది. "పాతబస్తీలో పుట్టిన సంఘం కదా, సాయం ఊరి బయటకు ఎందుకు పోతోంది?" అని పెద్దలు కొందరు అడుగుతున్నారు. మాకు వచ్చే దరఖాస్తుల మీద చిరునామాలు మారిపోయాయి. ఒకప్పుడు యాకుత్‌పురా, తలాబ్‌కట్టా అని ఉండేది. ఇప్పుడు షాహీన్‌నగర్, జల్‌పల్లి, బాలాపూర్, పహాడీషరీఫ్ అని ఉంటోంది. మనుషులు మారలేదు. అద్దె కట్టలేక, పిల్లలు పెద్దవాళ్ళయి ఇల్లు చాలక, ఊరి చివరికి వెళ్ళారు. నగరం చివరికి వెళ్ళినవాళ్ళకు ఏమవుతుందో తెలుసుకోవడానికి ఔటర్ ఢిల్లీ కంటే మంచి ఉదాహరణ మాకు కనిపించలేదు.

ఒక మాట ముందే చెబుతున్నాము. మన సంఘం ఏ పార్టీ వైపూ కాదు. ఈ వ్యాసంలో నాయకుల పేర్లు వస్తాయి, అవి చరిత్రలో భాగం కాబట్టి. ఎవరికి ఓటు వెయ్యాలో చెప్పడం మా పని కాదు.

దస్తర్‌ఖాన్ మీద పళ్ళేలు

ముందుగా నియోజకవర్గం అంటే ఏమిటో చూద్దాం. లోక్‌సభలో ప్రతి సభ్యుడూ దాదాపు సమానమైన జనాభాకు ప్రతినిధిగా ఉండాలన్నది రాజ్యాంగం 81వ అధికరణం చెప్పే సూత్రం. ప్రతి జనగణన తర్వాత హద్దులు సరిదిద్దాలని 82వ అధికరణం చెబుతుంది. ఆ సరిదిద్దే పనినే నియోజకవర్గాల పునర్విభజన అంటారు.

మన ఇళ్ళలో దావత్ జరిగినప్పుడు దస్తర్‌ఖాన్ పరిచి ఒక్కో పెద్ద పళ్ళెం చుట్టూ కొంతమందిని కూర్చోబెడతాం. ఒక పళ్ళెం దగ్గర నలుగురు, పక్క పళ్ళెం దగ్గర ఇరవై మంది కూర్చుంటే, వడ్డించింది ఒకే రకం అన్నమైనా న్యాయం జరిగినట్టు కాదు. ఔటర్ ఢిల్లీ ఆ ఇరవై మంది కూర్చున్న పళ్ళెం.

పల్లెల నియోజకవర్గంగా మొదలు

1952లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు ఢిల్లీకి మూడు నియోజకవర్గాలు, నాలుగు సీట్లు ఉండేవి. న్యూఢిల్లీ, ఢిల్లీ సిటీలకు ఒక్కో సీటు. ఔటర్ ఢిల్లీకి మాత్రం రెండు. ఆ రోజుల్లో కొన్ని చోట్ల ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి. ఒక జనరల్ సీటు, ఒక రిజర్వుడు సీటు ఒకే హద్దుల్లో ఉండేవి, ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి. ఔటర్ ఢిల్లీ నుంచి 1952లోనూ 1957లోనూ సి. కృష్ణన్ నాయర్, నవల్ ప్రభాకర్ ఎన్నికయ్యారు. 1961లో ఒక చట్టం చేసి ద్విసభ్య పద్ధతిని తీసేశారు. 1962 నుంచి ఔటర్ ఢిల్లీకి ఒకే సభ్యుడు.

అప్పటికి ఔటర్ ఢిల్లీ అంటే పల్లెలు. గోధుమ, ఆవాలు, కూరగాయలు పండించే పొలాలు, పాడి పశువులు, చౌపాళ్ళు. 1951 జనగణన ప్రకారం మొత్తం ఢిల్లీ జనాభా 17 లక్షల పైచిలుకు. అందులో అధిక భాగం నగరంలోనే ఉండేది.

1962లో ఈ సీటు గెలిచినవారు చౌధరీ బ్రహ్మ ప్రకాశ్. ఢిల్లీకి మొదటి ముఖ్యమంత్రి ఆయనే. 1952లో చిన్న వయసులోనే ఆ పదవి చేపట్టారు. స్వాతంత్ర్య సమరంలో జైలుకు వెళ్ళినవారు, సహకార ఉద్యమానికి జీవితం ధారపోసినవారు. 1967 ఎన్నికల్లో ఢిల్లీలోని ఏడు సీట్లలో ఆరు జనసంఘ్ గెలుచుకుంది. కాంగ్రెస్‌కు మిగిలిన ఒకే ఒక్క సీటు ఔటర్ ఢిల్లీ, గెలిచింది బ్రహ్మ ప్రకాశ్. నగరం ఒక మాట చెబితే, ఊరి బయటి పల్లెలు వేరే మాట చెప్పాయన్నమాట. 1971లో దలీప్ సింగ్ గెలిచారు. 1977లో, ఎమర్జెన్సీ తర్వాత, బ్రహ్మ ప్రకాశ్ కాంగ్రెస్‌ను వదిలి జనతా పక్షాన నిలబడి మళ్ళీ గెలిచారు. 1979లో చరణ్ సింగ్ మంత్రివర్గంలో కేంద్ర మంత్రి కూడా అయ్యారు.

ఇక్కడ ముస్లిం పాఠకులకు తెలియవలసిన చోటు ఒకటుంది. ఈ నియోజకవర్గంలోదే మెహ్రౌలీ. హజ్రత్ ఖ్వాజా కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ (రహ్మతుల్లాహ్ అలైహ్) దర్గా అక్కడే ఉంది. దేశ విభజన అల్లర్లలో ఆ దర్గా దెబ్బతిన్నది. చుట్టుపక్కల ముస్లింలు ప్రాణభయంతో వెళ్ళిపోయారు. 1948 జనవరిలో గాంధీజీ తన చివరి నిరాహార దీక్ష విరమించడానికి పెట్టిన షరతుల్లో, మెహ్రౌలీలో ఉర్సు ఎప్పటిలాగే జరగాలి, ముస్లింలు నిర్భయంగా రావాలి అన్నది ఒకటి. జనవరి 27న ఆయన స్వయంగా ఆ దర్గాకు వెళ్ళారు. మూడు రోజుల తర్వాత హత్యకు గురయ్యారు. శివారు పల్లెలోని ఒక దర్గా భద్రత దేశానికే పరీక్షగా నిలిచిన రోజులవి.

నగరం బయటకు తోసిన మనుషులు

1957లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడింది. 1962లో మొదటి మాస్టర్ ప్లాన్ వచ్చింది. ఆ తర్వాత పల్లెల పొలాలు ఒక్కొక్కటిగా సర్కారు సేకరణలోకి వెళ్ళాయి. పొలం పోయినా ఊరు మాత్రం మిగిలింది. 1908 నాటి రెవెన్యూ పటాల్లో గ్రామకంఠం చుట్టూ ఎర్ర దారంతో గీసిన హద్దును 'లాల్ డోరా' అంటారు. ఆ దారం లోపల భవన నిర్మాణ నియమాలు చాలాకాలం వర్తించలేదు. అందుకే ఢిల్లీలో చుట్టూ ప్రణాళిక ప్రకారం కట్టిన కాలనీలు, మధ్యలో ఇరుకు సందుల పాత పల్లె, ఆ సందుల్లో కూలీ జనం అద్దె గదులు కనిపిస్తాయి.

మిగిలిన పొలాల్లో కొన్నిటిని ప్లాట్లుగా కోసి అనుమతి లేకుండా అమ్మారు. వాటినే అనధికార కాలనీలు అంటారు. మన దగ్గర నోటరీ కాగితాల మీద కొన్న ప్లాట్ల కథ తెలిసిన వాళ్ళకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఇల్లు ఉంటుంది, పట్టా ఉండదు. మనుషులుంటారు, మురుగు కాల్వ ఉండదు. ఢిల్లీలో ఇలాంటి 1,700కు పైగా కాలనీల వాళ్ళకు ఆస్తి హక్కులు ఇవ్వడానికి పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది 2019లో. అంటే కొన్ని కుటుంబాలు తరాల తరబడి ఎదురు చూశాయి.

ఇక ఎమర్జెన్సీ. 1975 జూన్ నుంచి 1977 మార్చి వరకు ఢిల్లీలో దాదాపు 1,50,000 కట్టడాలు కూల్చారని షా కమిషన్ లెక్క తేల్చింది. 1976 ఏప్రిల్‌లో తుర్కమాన్ గేట్ దగ్గర ఇళ్ళు కూల్చినప్పుడు పోలీసు కాల్పులు జరిగిన సంగతి మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అక్కడివాళ్ళను ఎక్కువగా యమున అవతలి కాలనీలకు పంపారు. నగరంలోని ఇతర బస్తీల వాళ్ళను పంపిన చోట్లలో మంగోల్‌పురీ, సుల్తాన్‌పురీ ముఖ్యమైనవి. ఆ రెండూ ఔటర్ ఢిల్లీలోనివే. కుటుంబానికి 25 చదరపు గజాల ప్లాటు ఇచ్చారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కాగితం చూపిస్తేనే ప్లాటు దక్కిన సందర్భాలు ఉన్నాయని తర్వాత పరిశోధకులు నమోదు చేశారు. పని నగరంలో, పడక ఊరి చివర. బస్సు చార్జీలకే కూలిలో కొంత పోయేది.

ఇలా తోసివేయడం ఎమర్జెన్సీతో ఆగలేదు. 2004లో యమునా పుష్తా గట్టు మీది బస్తీలు కూల్చి వేల కుటుంబాలను బవానాకు తరలించారు. వారిలో ముస్లిం కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అక్కడ ఇచ్చిన ప్లాట్లు 18 చదరపు మీటర్లు, 12.5 చదరపు మీటర్లు. రెండోది మన మామూలు గది కంటే కొంచెమే పెద్దది. బవానా కూడా ఔటర్ ఢిల్లీలోదే.

మధ్యతరగతి కూడా వచ్చింది. 1980ల నుంచి రోహిణి ఉపనగరం పెరిగింది. 2004 మార్చి 31న మెట్రో రైలు రిఠాలా దాకా చేరింది. ఒకే నియోజకవర్గంలో పాత పల్లెల రైతులు, పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల సంతతి, బిహార్, ఉత్తరప్రదేశ్ కూలీలు, పునరావాస కాలనీల పేదలు, అపార్ట్‌మెంట్ల ఉద్యోగులు చేరిపోయారు.

1984: మరచిపోకూడని పేజీ

1980 ఎన్నికల్లో సజ్జన్ కుమార్ బ్రహ్మ ప్రకాశ్‌ను ఓడించి ఔటర్ ఢిల్లీ ఎంపీ అయ్యారు. 1984 అక్టోబరు 31న ఇందిరా గాంధీ హత్య జరిగింది. నవంబరు మొదటి మూడు రోజుల్లో ఢిల్లీలో సిక్కుల మీద మారణకాండ సాగింది. అధికారిక లెక్క ప్రకారమే ఢిల్లీలో 2,733 మంది చనిపోయారు. ఎక్కువ ప్రాణాలు పోయిన చోట్లలో సుల్తాన్‌పురీ, మంగోల్‌పురీ ఉన్నాయి. అక్కడ చనిపోయిన వారిలో రోజు కూలీ మీద బతికే పేద సిక్కులు చాలామంది. నగరం నుంచి దూరంగా నెట్టిన చోటే పోలీసు రక్షణ కూడా దూరమైంది.

ఆ తర్వాతి చరిత్ర ఇంకా బాధాకరం. 1984 డిసెంబరులో భరత్ సింగ్, 1989లో జనతాదళ్ తరఫున తారీఫ్ సింగ్ గెలిచారు. 1991లో సజ్జన్ కుమార్ మళ్ళీ గెలిచారు. 1996, 1998లో బీజేపీ నుంచి కృష్ణలాల్ శర్మ, 1999లో సాహిబ్ సింగ్ వర్మ గెలిచారు. 2004లో సజ్జన్ కుమార్ మూడోసారి గెలిచారు. పాలం కాలనీ రాజ్‌నగర్‌లో ఐదుగురు సిక్కుల హత్య, గురుద్వారా దహనం కేసులో ఢిల్లీ హైకోర్టు ఆయనకు జీవిత ఖైదు విధించింది 2018 డిసెంబరు 17న. అంటే 34 ఏళ్ళకు. సరస్వతీ విహార్‌లో తండ్రీకొడుకుల హత్య కేసులో 2025 ఫిబ్రవరిలో మరో జీవిత ఖైదు పడింది.

ఆ కేసుల్లో సాక్ష్యం చెప్పినవారిలో భర్తను, కొడుకును, తండ్రిని పోగొట్టుకున్న ఆడవాళ్ళు ఉన్నారు. దశాబ్దాలపాటు కోర్టు మెట్లు ఎక్కారు. అన్యాయం జరిగినప్పుడు బాధితుల మతం ఏదని అడగకుండా న్యాయం పక్షాన నిలబడమని మన దీన్ నేర్పుతుంది. అందుకే ఈ పేజీని దాటవేయకుండా రాశాము.

సరిదిద్దని లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ నియోజకవర్గం అంత పెద్దదిగా ఎలా మారింది?

1967 నుంచి ఢిల్లీకి ఏడు లోక్‌సభ సీట్లు. 1971 జనగణన ఆధారంగా హద్దులు సరిదిద్దారు. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా పునర్విభజనను 2000 సంవత్సరం దాటేదాకా నిలిపివేశారు. జనాభా నియంత్రణ బాగా పాటించిన రాష్ట్రాలు సీట్లు కోల్పోకూడదన్నది దాని వెనుక ఉద్దేశం. ఆ ఉద్దేశంలో న్యాయం ఉంది. అయితే రాష్ట్రాల మధ్య సీట్ల పంపకంతో పాటు, రాష్ట్రం లోపలి హద్దులు కూడా అక్కడే ఆగిపోయాయి. నగరాలు మాత్రం ఆగలేదు.

ఢిల్లీ జనాభా 1971లో దాదాపు 41 లక్షలు. 1981లో 62 లక్షలు. 1991లో 94 లక్షలు. 2001లో 138 లక్షలు. పెరిగినదంతా ఎక్కడికి చేరింది? చాందినీ చౌక్‌లో కొత్త ఇల్లు కట్టడానికి జాగా లేదు. అక్కడ ఇళ్ళు గోదాములుగా, దుకాణాలుగా మారుతూ వచ్చాయి. జనమంతా అంచులకు చేరారు. 1993లో ఢిల్లీకి మళ్ళీ శాసనసభ వచ్చినప్పుడు 70 అసెంబ్లీ స్థానాలు ఏర్పడ్డాయి. సమానంగా పంచితే ఒక్కో లోక్‌సభ సీటుకు పది రావాలి. ఔటర్ ఢిల్లీ కిందకు 21 వచ్చాయి. వాయవ్యంలో బాద్లీ, బవానా నుంచి పడమట నాంగ్లోయ్, నజఫ్‌గఢ్, పాలం మీదుగా దక్షిణాన మెహ్రౌలీ, తుగ్లకాబాద్, బదర్‌పూర్ దాకా నగరాన్ని కొడవలిలా చుట్టుకున్న నియోజకవర్గం అది.

2004 ఎన్నికల్లో ఔటర్ ఢిల్లీ ఓటర్ల సంఖ్య 33 లక్షలు దాటింది. అదే ఎన్నికల్లో లక్షద్వీప్ ఓటర్లు 40 వేల లోపు. లక్షద్వీప్ చిన్న ద్వీపాల సముదాయం కాబట్టి దానికి ప్రత్యేక సీటు ఉండడం సబబే. కాబట్టి ఢిల్లీలోనే పోల్చి చూద్దాం. 2004లో చాందినీ చౌక్ విజేతకు వచ్చిన ఓట్లు 1 లక్షా 30 వేల లోపు. ఔటర్ ఢిల్లీ విజేతకు వచ్చినవి 8.5 లక్షల పైచిలుకు. అక్కడ ఓడిపోయిన అభ్యర్థికే 6 లక్షలకు పైగా వచ్చాయి. ఆరు లక్షల మంది ఓట్లు వేసినవారు ఓడిపోయి ఇంటికి వెళితే, దానిలో నాలుగో వంతు కూడా రానివారు అదే నగరం నుంచి పార్లమెంటులో కూర్చున్నారు. ఇందులో గెలిచినవారి తప్పు లేదు, ఓడినవారి తప్పూ లేదు. తప్పంతా లెక్కలో ఉంది.

దీని ఫలితం మామూలు మనిషి మీద ఎలా పడుతుంది? ఒక ఎంపీకి వచ్చే స్థానిక అభివృద్ధి నిధి నియోజకవర్గం చిన్నదైనా పెద్దదైనా ఒకటే. ఎంపీని కలవడానికి వచ్చే జనం, ఇచ్చే అర్జీలు మాత్రం ఎన్నో రెట్లు. చేతిపంపు కావాలన్నా, రోడ్డు కావాలన్నా ఊరి చివరివాడికి వాటా తక్కువ, వరుస పొడవు. అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నవాడికే అందరికంటే తక్కువ అందింది.

2008లో ముగింపు

2001లో చేసిన 84వ రాజ్యాంగ సవరణ, రాష్ట్రాలకు ఉన్న మొత్తం సీట్లను 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా మార్చకుండా, రాష్ట్రం లోపలి హద్దులు మాత్రం సరిదిద్దడానికి దారి తెరిచింది. 2003లో 87వ సవరణ ద్వారా అందుకు 2001 జనగణనను ఆధారం చేశారు. జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతన పునర్విభజన కమిషన్ పని చేసింది. 2008 ఫిబ్రవరిలో కొత్త హద్దులు అమల్లోకి వచ్చాయి.

ఔటర్ ఢిల్లీ, ఢిల్లీ సదర్, కరోల్ బాగ్ నియోజకవర్గాలు చరిత్రలో కలిసిపోయాయి. వాయవ్య ఢిల్లీ, పశ్చిమ ఢిల్లీ, ఈశాన్య ఢిల్లీ కొత్తగా ఏర్పడ్డాయి. ప్రతి లోక్‌సభ స్థానానికి సరిగ్గా పది అసెంబ్లీ స్థానాలు. మంగోల్‌పురీ, బవానా వాయవ్య ఢిల్లీలోకి, నజఫ్‌గఢ్ పశ్చిమ ఢిల్లీలోకి, మెహ్రౌలీ, బదర్‌పూర్ దక్షిణ ఢిల్లీలోకి వెళ్ళాయి. 32 ఏళ్ళు ఆగిన లెక్క ఒక్కసారి సరిదిద్దేసరికి పళ్ళేల దగ్గర మనుషులు మళ్ళీ దాదాపు సమానమయ్యారు.

మన దగ్గర

అదే 2008 పునర్విభజనలో మన హైదరాబాద్ చుట్టూ రెండు కొత్త నియోజకవర్గాలు పుట్టాయి, మల్కాజ్‌గిరి, చేవెళ్ల. మేడ్చల్, మల్కాజ్‌గిరి, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్బీనగర్, సికింద్రాబాద్ కంటోన్మెంట్ కలిసి మల్కాజ్‌గిరి అయింది. 2014 ఎన్నికలకే అక్కడ ఓటర్లు 30 లక్షలు దాటారు. దేశంలో అత్యధిక ఓటర్లున్న నియోజకవర్గం అన్న పేరు ఔటర్ ఢిల్లీ నుంచి మల్కాజ్‌గిరికి వచ్చింది. 2024లో ఆ సంఖ్య 37 లక్షలు దాటింది. ఢిల్లీలో జరిగిన కథే మన ఇంటి పక్కన మళ్ళీ జరుగుతోంది.

చేవెళ్ల సంగతి మనకు ఇంకా దగ్గర. మహేశ్వరం అసెంబ్లీ స్థానం అందులోనిదే. షాహీన్‌నగర్, జల్‌పల్లి, బాలాపూర్, పహాడీషరీఫ్ ఆ మహేశ్వరంలోకే వస్తాయి. పాతబస్తీ నుంచి అక్కడికి మారిన కుటుంబాలను పలకరించినప్పుడు మేము గమనించినది ఒకటుంది. ఇల్లు మారింది, రేషన్ దుకాణం మారింది, పిల్లల బడి మారింది, ఓటు మాత్రం పాత గల్లీలోనే ఉంది. పోలింగ్ రోజున ఆటో ఎక్కి పాత ఊరికి వెళ్ళేవాళ్ళు కొందరు, ఆ రోజు కూలి ఎందుకు పోగొట్టుకోవాలని ఇంట్లోనే ఉండేవాళ్ళు కొందరు. వెళ్ళి చూస్తే "ఈ చిరునామాలో లేరు" అని పేరు తీసేసిన జాబితా కనిపించినవాళ్ళు మరికొందరు.

ఇలాంటి కుటుంబం కొత్త చోట నీళ్ళ ట్యాంకర్ కోసం అడిగితే, అక్కడి ప్రతినిధి దృష్టిలో వాళ్ళు ఓటర్లు కారు. పాత చోట ప్రతినిధి దృష్టిలో వాళ్ళు అక్కడ లేరు. రెండు ఊళ్ళ మధ్య ఏ ఊరికీ చెందకుండా పోయారు.

లెక్కలో ఉండడం

జకాత్ ఇచ్చే ముందు మనం లెక్క కడతాం. బంగారం, వెండి, నగదు, వ్యాపార సరుకు అన్నీ కూడి, అప్పులు తీసి, నిసాబు దాటితే నూటికి రెండున్నర చొప్పున తీస్తాం. అందాజుగా ఇచ్చి ఊరుకోం, ఎందుకంటే అది పేదవాడి హక్కు. హక్కు ఉన్నచోట లెక్క తప్పనిసరి. ఔటర్ ఢిల్లీ చరిత్ర చెప్పేది కూడా ఇదే. లెక్క సరిదిద్దకుండా వదిలేసినన్నాళ్ళూ నష్టపోయింది ఊరి చివరి పేదవాడే.

కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జనగణన 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరగాలి. ముందు ముందు జరిగే పునర్విభజనలకు లెక్కలు కావాలి. ఆ లెక్కల్లో మన శివారు బస్తీల వాళ్ళు ఉండాలి. అందుకే ఈ ఏడాది మన సంఘం తన పనిలో ఒక చిన్న పనిని కలుపుకుంటోంది. దరఖాస్తు తీసుకునేటప్పుడు, రేషన్ కిట్టు ఇచ్చేటప్పుడు, మన కార్యకర్తలు ఇకపై ఒక ప్రశ్న అదనంగా అడుగుతారు: "మీ ఓటు ఎక్కడుంది?"

దాతలకూ, సభ్యులకూ తెలియవలసిన వివరాలు ఇవి. 18 ఏళ్ళు నిండినవారు కొత్తగా నమోదుకు ఫారం 6 ఇవ్వాలి. ఇల్లు మారినవారు, పేరులోనో వయసులోనో తప్పు ఉన్నవారు ఫారం 8 ఇవ్వాలి. నియోజకవర్గం మారినా ఫారం 8 సరిపోతుంది, కొత్తగా ఫారం 6 ఇవ్వనక్కరలేదు. నమోదుకు ఇప్పుడు ఏడాదిలో నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. చిరునామాకు కరెంటు బిల్లు, బ్యాంకు పాస్‌బుక్కు, రిజిస్టర్ అయిన అద్దె ఒప్పందం వంటివి చూపవచ్చు. ఏ కాగితమూ లేని అద్దె కుటుంబం అయినా దరఖాస్తు పెట్టవచ్చు. అప్పుడు బూత్ లెవల్ అధికారి ఇంటికి వచ్చి విచారించాలి. సందేహాలకు 1950 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. ఈ పనులేవీ డబ్బుతో కూడినవి కావు. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వవద్దని కూడా బస్తీల్లో చెబుతున్నాము.

ఇంట్లో పని చేసే ఆపాకు, దుకాణంలో పని చేసే కుర్రాడికి, అద్దెకున్న కుటుంబానికి ఈ విషయం ఒకసారి చెప్పండి. చదువు రానివారికి ఫారం నింపి పెట్టండి. అది కూడా సదఖాయే అని మేము నమ్ముతున్నాము.

ఇక మొదటి ప్రశ్నకు మా జవాబు. సంఘం పాతబస్తీని వదలలేదు. పాతబస్తీ మనుషులు ఎక్కడికి వెళ్ళారో అక్కడికి వెనకే నడుస్తోంది. మంగోల్‌పురీకి, బవానాకు పంపిన మనుషులను నగరం మరిచిపోయింది. షాహీన్‌నగర్‌కు, జల్‌పల్లికి వెళ్ళినవాళ్ళ విషయంలో మనం అలా చెయ్యకూడదు. మీరిచ్చే ప్రతి రూపాయీ వాళ్ళ గడప దాకా చేరేలా చూడడం మా బాధ్యత. ఆ గడప ఉన్నట్టు సర్కారు లెక్కలో ఉండేలా చూడడం మనందరి బాధ్యత.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. మీ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక. ఊరి చివర బతుకుతున్న మన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, వారి మతం ఏదైనా సరే, న్యాయమైన వాటా అందేలా మనల్ని సాధనంగా చేయుగాక. ఆమీన్.